గడియారం చూపని వేగం

1200 మీటర్ల పందెంలో ఒక గుర్రం 1 నిమిషం 12.1 సెకన్లలో గీత దాటింది. మూడు వారాల తర్వాత అదే ట్రాక్, అదే దూరం. ఈసారి గెలిచిన గుర్రం వేరు, టైము మాత్రం మళ్లీ 12.1. ఈ రెండింటిలో ఏది గట్టిది? సమానమే అనేవాళ్లు హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సు స్టాండులో బోలెడుమంది దొరుకుతారు. కానీ లెక్క కట్టి చూస్తే ఆ రెంటికీ మధ్య తొమ్మిదో పదో లెంగ్త్‌ల (గుర్రపు నిడివుల) తేడా బయటపడొచ్చు. ఆ లెక్క కట్టడానికే స్టాండర్డ్ టైమ్, స్పీడ్ రేటింగ్ అనే పద్ధతులు పుట్టాయి.

గడియారం గుర్రాన్ని ఒక్కదాన్నే కొలవదు. నేలనూ గాలినీ కలిపే కొలుస్తుంది. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో పందేలు మలక్‌పేటకు వచ్చాయి. నేటికీ అక్కడ వానాకాలం సీజను ఒకటి, చలికాలం సీజను ఒకటి. వాన పడ్డ పచ్చికలో గిట్ట దిగబడుతుంది, ప్రతి అంగలోనూ కాస్త బలం నేలపాలవుతుంది. డిసెంబరులో గట్టిపడ్డ నేల మీద అదే గుర్రం చెమటోడ్చకుండా సెకను మిగుల్చుకుంటుంది. మన రేస్ కోర్సుల్లో పెనెట్రోమీటర్ అనే సాధనంతో నేలను పరీక్షిస్తారు. కడ్డీ మీదికి బరువును పైనుంచి వదిలి, కడ్డీ ఎంత లోతు దిగిందో చూస్తారు. నేల ఎంత మెత్తగా ఉందో అది చెబుతుంది. ఆ మెత్తదనం ఎన్ని సెకన్లు తినేసిందో చెప్పలేదు. దాన్ని ఆ రోజు జరిగిన పందేల నుంచే రాబట్టాలి.

ముందు స్టాండర్డ్ టైమ్ కావాలి. ప్రతి కోర్సులో ప్రతి దూరానికీ ఒక్కో అంకె. నాలుగైదు సీజన్ల ఫలితాలు ముందేసుకుని, నీళ్లు నిలిచిన రోజులు తీసేసి, గుర్రాల తరగతులను బట్టి గెలిచిన టైములను విడగొట్టాలి. తర్వాత సగటు కాకుండా మధ్యనున్న విలువ తీసుకోవాలి. ఎందుకంటే జాకీలందరూ ఒకరినొకరు చూసుకుంటూ నింపాదిగా నడిపిన రెండు పందేలు చాలు, సగటు చెడిపోతుంది. బ్రిటన్‌లో వాడుక వేరు. ఎదిగిన గుర్రం మంచి నేల మీద తొమ్మిది స్టోన్లు, అంటే దాదాపు 57 కిలోలు మోస్తూ ఎంతలో పరుగెత్తగలదో, దాన్ని ప్రమాణంగా పెట్టుకుంటారు. ఏ దారైనా ఫరవాలేదు. ఒకటి ఎంచుకున్నాక మాత్రం దాన్నే పట్టుకుని ఉండాలి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఒక విడతలో పేపరు కష్టంగా వస్తే మార్కులను నార్మలైజ్ చేస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఒక ఊహాలెక్క చూద్దాం. ఆ రోజు ఆరు పందేలు. ఒక్కో విజేత టైము తన తరగతి స్టాండర్డ్ కన్నా ఎంత ఎక్కువో తీసి, ఫర్లాంగుకు ఇంత అని, అంటే మన కోర్సుల్లో 200 మీటర్లకు ఇంత అని విడగొట్టాం. వచ్చినవి 0.15, 0.17, 0.20, 0.55, 0.18, 0.02. నాలుగు సంఖ్యలు ఒక ఊరివి, రెండు పరాయివి. ఆ 0.55 పందెం మొదటి సగమంతా నత్తనడక నడిచిందని తెలుసు గనక దాన్ని కొట్టేస్తాం. మిగిలినవాటిలో మధ్యది 0.17. అంటే నేల ఫర్లాంగుకు అంత తినేసింది, 1200 మీటర్ల మీద దాదాపు ఒక సెకను.

ఇక 0.02 పందెం సంగతి. స్టాండర్డ్ 1:12 అనుకుంటే దాని విజేత 12.1లో వచ్చింది. నేల తిన్న సెకను తీసేస్తే 11.1. తన తరగతి గుర్రాల కన్నా 0.9 సెకను మేలు. సెకనుకు ఆరు లెంగ్త్‌ల చొప్పున అయిదుకు పైగా లెంగ్త్‌లు. ఈ దూరంలో లెంగ్త్‌కు కిలో కన్నా కొంచెం ఎక్కువ కట్టడం వాడుక, కాబట్టి ఆరు కిలోల బరువు అదనంగా పెట్టినా అది మామూలు విజేతతో సరితూగాలి. మూడు వారాల తర్వాత 12.1లో వచ్చిన రెండో గుర్రం మాటేమిటి? ఆ రోజు గట్టి నేల ఫర్లాంగుకు 0.10 ఎదురిచ్చింది. దిద్దితే దాని టైము 12.7 అవుతుంది. గెలిచినమాట నిజమే, గుర్రం మాత్రం నాసి.

ఇందులో నాకు ఎక్కువ నచ్చేది ఫాల్స్ రెయిల్ లెక్క. లోపలి గడ్డి అరిగిపోకుండా కంచెను అయిదు మీటర్లు బయటికి జరిపారనుకోండి. అర్ధవృత్తపు మలుపులో గుర్రం అదనంగా పరుగెత్తే దూరం అయిదు రెట్ల పై (π), అంటే సుమారు 15.7 మీటర్లు. గేటును ఆ మేరకు ముందుకు జరపకపోతే దాదాపు ఒక సెకను పోయినట్టే. ఇది దిద్దుకోని రేటింగు ఎంత అందంగా అచ్చేసినా పనికిరాదు.

ఈ విద్యకు పేరు తెచ్చినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. బ్రిటన్‌లో ఫిల్ బుల్ లెక్కల మాస్టారు. పందేల టైముల మీద పడి, చివరికి 1948లో హాలిఫాక్స్‌లో టైమ్‌ఫామ్ సంస్థ పెట్టారు. అమెరికాలో ఆండ్రూ బేయర్ 1966లో హార్వర్డ్‌లో చాసర్ కవిత్వం మీద చివరి పరీక్ష ఎగ్గొట్టి, బెల్మాంట్ స్టేక్స్‌కు వెళ్లిపోయారు. డిగ్రీ రాలేదు. 1975లో ‘పికింగ్ విన్నర్స్’ అనే పుస్తకం వచ్చింది, 1992 నుంచి ఆయన అంకెలు డైలీ రేసింగ్ ఫామ్ పత్రికలో ప్రతి గుర్రం పక్కనా అచ్చవుతున్నాయి. ఇదే పని చేసిన లెన్ రాగోజిన్ పట్టీల్లో అంకె ఎంత తక్కువైతే గుర్రం అంత మేలు. ఒకరి పట్టీ అలవాటైనవాళ్లు ఇంకొకరిది చూసి తికమకపడటం మామూలే.

రేటింగును ఎంతవరకు నమ్మొచ్చు? పెద్ద అంకెను దాదాపు పూర్తిగా నమ్మొచ్చు, ఎందుకంటే చేతకాని గుర్రం ఎలాగూ అంత వేగంగా రాలేదు. చిన్న అంకెను నమ్మకూడదు. గొప్ప గుర్రమైనా మొదట్లో ఎవరూ తరమకపోతే పిక్నిక్‌కు వచ్చినట్టు నడిచి చివరి 400 మీటర్లలో తేల్చేస్తుంది. అందుకే దశలవారీ టైములు కూడా చూస్తారు. పందెం మొత్తాన్నీ ఒకే అంకెలో కుదించడం మీద నాకున్న అభ్యంతరం ఇదే.

ఇక డబ్బు సంగతి. 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందేన్ని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా చెప్పింది. అంతకు ముందు 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో రమ్మీకీ అదే మాట దక్కింది. ఆ నైపుణ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే పైన చేసిన తీసివేతలు చూపించొచ్చు. వీటితో ఇల్లు గడుస్తుందని మాత్రం అనను. టోట్‌లో అందరి డబ్బూ ఒకే కుప్పలో పడుతుంది. మంచి అంకె అందరికీ తెలిసిన రోజున దాని మీద వచ్చే రాబడి పలచబడుతుంది, పైగా నిర్వాహకుల కోత ఎప్పుడూ ఉంటుంది.

గడియారమే తప్పితే? 1973 మేలో బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ స్టేక్స్‌ను సెక్రటేరియట్ అనే గుర్రం గెలిచింది. ఎలక్ట్రానిక్ గడియారం 1 నిమిషం 55 సెకన్లు చూపింది. చేతి గడియారాలతో కూర్చున్న డైలీ రేసింగ్ ఫామ్ మనుషులిద్దరూ 1:53.4 అన్నారు. కోర్సు తరఫు టైమర్ లెక్క ప్రకారం అధికారిక టైమును 1:54.4గా మార్చారు. అప్పటికి రికార్డు 1:54 కనుక అది దక్కలేదు. ఆ తర్వాత బెల్మాంట్‌లో అదే గుర్రం 2:24లో 31 లెంగ్త్‌ల తేడాతో గెలవడంతో ఆ టైము మీద అనుమానం ఇంకా బలపడింది. 2012లో మేరీలాండ్ రేసింగ్ కమిషన్ పాత వీడియోలను కొత్త పద్ధతుల్లో కొలిపించి 1:53 అని తేల్చింది. అందరూ సెక్రటేరియట్‌కు న్యాయం జరిగిందన్నారు. కానీ విజేత టైము మారితే వెనకొచ్చినవాటి టైములూ మారతాయి. ఆ రోజు రెండున్నర లెంగ్త్‌ల వెనక రెండోదిగా వచ్చింది షామ్. రెండున్నర లెంగ్త్‌లంటే అర సెకను లోపే. ఆ లెక్కన షామ్ కూడా 1:54 రికార్డు కన్నా ముందే గీత దాటింది.