పాత్రియా: లోపించిన నేల కథ

స్వదేశానికి ఇటాలియన్‌లో ఉన్న ‘పాత్రియా’ అనే పేరు లాటిన్ నుంచి రూపం మారకుండా వచ్చిందనీ, తండ్రి అనే అర్థంగల ‘పాతెర్’ దానికి మూలమనీ నిఘంటువులు చెబుతాయి. సంస్కృత ‘పితృ’ శబ్దానికి ఇది జ్ఞాతి పదం. అయితే మాటల పుట్టుకను వెదికే వ్యుత్పత్తి శాస్త్రం మూలం దొరికినచోటే ఆగిపోతే సగం పనే చేసినట్లవుతుంది. పాత్రియా మొదట నామవాచకం కాదు, ‘తండ్రులకు చెందిన’ అనే విశేషణం. నేలను తెలిపే ‘తెర్రా’ అనే స్త్రీలింగ పదం దాని పక్కన ఉండి క్రమంగా లోపించగా, విశేషణమే నామవాచకంగా స్థిరపడింది. తండ్రి పేరు మోసే ఈ మాట స్త్రీలింగం కావడానికి కారణం ఆ లోపించిన నేలే.

ఆ నేల ఏదన్నదే అసలు చరిత్ర. ఊళ్లనుంచి వచ్చి రోమన్ పౌరులైనవారికి రెండు పాత్రియాలుంటాయని క్రీ.పూ. మొదటి శతాబ్దంలో సిసెరో వాదించాడు. ఆయనకు జన్మనిచ్చిన అర్పీనుమ్ ఒకటి, పౌరసత్వమిచ్చిన రోమ్ మరొకటి. మధ్యయుగాల్లో రోమ్ వెనక్కి తగ్గి సొంత నగరమే ముందుకొచ్చింది. 1302లో ఫ్లోరెన్స్ నుంచి బహిష్కృతుడైన డాంటే తన కావ్యంలోని నరక భాగంలో, ఫరినాతా అనే పాత్ర డాంటే పలుకును బట్టి అతని పాత్రియాను గుర్తుపట్టినట్లు రాశాడు. అక్కడ ఆ మాటకు అర్థం ఇటలీ కాదు, ఫ్లోరెన్సే.

1831లో ‘యువ ఇటలీ’ సంఘాన్ని స్థాపించిన మాజినీ ఈ మాటను ద్వీపకల్పమంతటికీ విస్తరింపజేశాడు. భూభాగం పునాది మాత్రమే, దానిపై వెలిసే సమష్టి భావనే పాత్రియా అని ఆయన బోధించాడు. ఈ మాట ప్రయాణంలో ఇంతకంటే ఉదాత్తమైన మలుపు లేదు. 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడే నాటికి ఇటాలియన్ తెలిసినవారు జనాభాలో 2.5 శాతమేనని భాషావేత్త తుల్లియో దె మౌరో అంచనా వేశాడంటే, ఆ భావన ఎంత దూరం నడవవలసి వచ్చిందో ఊహించవచ్చు.

ఫాసిస్టులు దాన్ని తమ సొత్తు చేసుకున్న తరువాత చాలామంది ఆ మాట పలకడానికే వెనుకాడి, ఊరికీ దేశానికీ ఒకటిగా చెల్లే ‘పాయెజె’ వైపు మొగ్గారు. ఒక దుష్టపాలన వాడుకున్నంత మాత్రాన మాటను వదులుకోవడం న్యాయం కాదు. ఫాసిజం కూలిన తరువాత రచించి 1948లో అమలులోకి తెచ్చిన ఇటలీ రాజ్యాంగం 52వ అధికరణం, పాత్రియా రక్షణను పౌరుడి పవిత్ర కర్తవ్యంగా ఆ పేరుతోనే ప్రకటించింది.