అనాసకు ఆ కూరలో ఉన్న పని

థాయ్ రెస్టారెంట్ అని బోర్డు పెట్టిన చోటల్లా రొయ్యలు, అనాసపండు వేసిన ఎర్రకూర దొరుకుతోంది. చాలాచోట్ల గిన్నెలో ఉండేది గులాబీ రంగు తీపి పాలే. డబ్బా కొబ్బరిపాలలో డబ్బా మసాలా ముద్ద కరిగించి, చక్కెర పాకంలో నానిన డబ్బా అనాస ముక్కలు, నాలుగు క్యాప్సికం చీలికలు పడేసి దానికొక దేశం పేరు తగిలిస్తున్నారు. అసలు వంట గేంగ్ ఖువా సప్పారోత్. అందులో అనాస ఉన్నది ముందు పులుపు కోసం, తీపి తరవాతి మాట. ఇది పట్టుబడితే ముద్ద ఎందుకు దంచాలో, కొబ్బరిపాలు ఎందుకు విరగాలో, రొయ్య ఎప్పుడు పడాలో వరసగా తెలిసిపోతుంది.

రుజువు కావాలంటే ఈ కూరలో అనాసకు మొదటినుంచీ తోడున్నవేమిటో చూడండి. రొయ్యలతో పాటు ఆల్చిప్పల మాంసం, గుర్రపుడెక్క పీత గుడ్లు. అన్నీ ఉప్పునీటి ఘాటు దండిగా ఉన్న సరుకులే. థాయ్‌లాండ్‌లో అనాస తోటలకు పేరుపడ్డ ప్రచువాప్ ఖిరి ఖాన్‌కు ఒకవైపంతా సముద్రమే. అక్కడి వంటకత్తెలు నీచుకు విరుగుడుగా పులుపున్న పండును ఎంచుకున్నారు, పండు చాలనప్పుడు చింతపండు రసం కలిపారు, మొన తిరగడానికి కాస్త తాటిబెల్లం వేశారు. చేపల పులుసులో బెల్లం ముక్క వేసే తెలుగువాళ్లకు ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు: బెల్లం వేశామని పులుసు తీపి వంటకమైపోదు. అందుకే ఈ కూరకు బాగా మగ్గి తేనెలూరే పండు పనికిరాదు, దోరపండు కావాలి. డబ్బా పండు అసలే వద్దు.

పులుపును మోయాలంటే కింద గట్టి పునాది ఉండాలి. ఆ పునాదే ముద్ద. గింజలు తీసి నానబెట్టిన ఎండుమిర్చిని ఉప్పుతో కలిపి ముందు దంచాలి. ఉప్పురవ్వ రాపిడికి మిర్చి తొక్క నలుగుతుంది. తరవాత దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, మక్రూత్ నిమ్మ పైతొక్క, ఆపైన వెల్లుల్లి, చిన్నుల్లి, అన్నిటికన్నా చివర కపి, అంటే పులియబెట్టిన రొయ్యపొట్టు ముద్ద. గట్టివి ముందు, నీరున్నవి వెనక. ఈ వరస తప్పితే రోలు చిందుతుంది, పీచు మిగులుతుంది. మామూలు ఎర్రకూర ముద్దలో పడే ధనియాలు, జీలకర్ర ఇందులో సాధారణంగా ఉండవు. వాటి బదులు ఎండురొయ్యలో, కాల్చిన చేపో దంచి కలిపే పద్ధతి ఉంది. రుచితో పాటు చిక్కదనం దానివల్లే వస్తుంది. ఎంత గొప్ప ఆలోచన! మైదా, కార్న్‌ఫ్లోర్ ముట్టకుండా, సముద్రాన్ని సముద్రంతోనే చిక్కబరిచారు. మిక్సీ ఉండగా రోలెందుకని అడుగుతారు. మిక్సీ బ్లేడు పీచును కోస్తుంది, పచ్చడిబండ చితక్కొడుతుంది, నూనెలు బయటికొచ్చేది చితికినప్పుడే. పైగా మిక్సీ తిరగడానికి నీళ్లు పోయాలి, నీళ్లున్న ముద్ద వేగదు, ఉడుకుతుంది. తీరిక లేనివాళ్లు మిక్సీ వాడుకోవచ్చు, నీళ్లకు బదులు చెంచాడు చిక్కటి కొబ్బరిపాలు పోస్తే కొంత నయం. రెండూ ఒకటేనని మాత్రం అనొద్దు.

తరవాతిది కొబ్బరి. మొదటి పాలు మూకుడులో పోసి, నీరు ఇగిరి నూనె తేలేదాకా ఓపిగ్గా మరగనివ్వాలి. తేలిన ఆ నూనెలో ముద్దను పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ఎర్రటి మెరుపు అక్కడే పుడుతుంది. డబ్బాల్లో, అట్టపెట్టెల్లో వచ్చే పాలు చాలావాటిలో నూనె, నీరు విడిపోకుండా మందులు కలుపుతారు. అవి ఎంత మరిగించినా విరగవు. ముద్ద వేగకుండానే కరిగిపోతుంది, కూర పచ్చివాసన కొడుతుంది, దాన్ని కప్పడానికి చక్కెర పడుతుంది. నకిలీ కూర తీపెక్కడానికి అసలు కారణం ఇదే. జనం తీపి అడుగుతున్నారన్నది వంటవాళ్లు చెప్పుకునే సాకు.

పోర్చుగీసువాళ్లు 1511లో అప్పటి థాయ్ రాజధాని అయుత్థయకు వచ్చారు. మిరపా, అనాసా వాళ్ల ఓడలవెంటే చేరాయంటారు. రెండూ బయటివే అయినప్పుడు ఇక శుద్ధి మాటెందుకని ఒక వాదం. మార్పును ఎవరూ కాదనడం లేదు. వచ్చిన పండు రుచి చూసి, దాని పులుపును గుర్తించి, తగిన చోట కూర్చోబెట్టింది మార్పే. నాలుక వాడకుండా డబ్బా విప్పడం మార్పు కాదు, బద్ధకం. తేడా తెలియాలంటే ఆస్ట్రేలియా షెఫ్ డేవిడ్ థాంప్సన్ చేసిన పని చూడాలి. థాయ్‌లాండ్‌లో పెద్దవాళ్లు పోయినప్పుడు అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు స్మారక పుస్తకాలు పంచుతారు, కొన్నిటిలో ఆ ఇంటి వంటలుంటాయి. ఆయన వాటిని సేకరించి, చదివి, వండాడు. 2001లో లండన్‌లో తెరిచిన ఆయన రెస్టారెంట్ నామ్ నెలల్లోనే మిషెలిన్ నక్షత్రం సంపాదించింది. ఆస్ట్రేలియావాడు మాకు నేర్పేదేమిటని ఆయన బ్యాంకాక్ వచ్చినప్పుడు కొందరు విసుక్కున్నారు. ఆయన పాత పుస్తకాన్ని నమ్మాడు, రోలును నమ్మాడు. నా ఓటు ఆయనకే. ఆయన దగ్గర పనిచేసిన దువాంగ్‌పోర్న్ సాంగ్‌విసావా 2009లో బ్యాంకాక్‌లో బో.లాన్ రెస్టారెంట్ పెట్టి, అదే పట్టుదలతో 2013లో ఆసియా ఉత్తమ మహిళా షెఫ్ అయింది. విదేశాల్లో థాయ్ హోటళ్లు పెంచడానికి అక్కడి ప్రభుత్వమే ఒక పథకం నడిపింది. హోటళ్లు పెరిగాయి, రోళ్లు పెరగలేదు!

ఇక రొయ్య సంగతి. పచ్చి అనాసలో మాంసకృత్తులను కరిగించే ఎంజైమ్ ఉంటుంది. రొయ్యల్ని ఆ ముక్కల్లో నానబెడితే కండ మెత్తబడి పిండైపోతుంది. వేగిన ముద్దలో పల్చటి పాలు పోసి, అనాసను ముందుగా ఉడకనిస్తే ఆ గుణం చచ్చిపోతుంది, పులుపు కూరలోకి దిగుతుంది. అప్పుడు చేపసాస్, తాటిబెల్లం వేసి రుచి సరిచూడాలి. ఉప్పూ పులుపూ ముందు తగలాలి, తీపి వెనక నిలబడాలి. నలుగురికి పావుకిలో అనాస, మూడు వందల గ్రాముల రొయ్యలు చాలు. రొయ్యలు ఆఖర్న పడాలి, రంగు తిరిగి వంపు తిరగగానే మంట ఆర్పాలి. ఇంకో అయిదు నిమిషాలుంటే రబ్బరు.

మన దగ్గర సరుకులు దొరకవన్న మాట సగమే నిజం. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది, కోనసీమలో కొబ్బరికి కొదవలేదు. థాయ్‌లాండ్‌లోని ఫెచ్చబురిలో బెల్లం తీసేది మన తాటిచెట్టు నుంచే. ఎండుమిర్చికి గుంటూరు ఘాటు వద్దు, రంగెక్కువ కారం తక్కువ బ్యాడిగి వాడండి. కపి, చేపసాస్ కొనుక్కోవలసిందే, మక్రూత్ నిమ్మకు నర్సరీలో వెతకాలి. దుంపరాష్ట్రం బదులు అల్లం వేయకండి, రెండింటి వాసనలూ వేరు. దుంపరాష్ట్రమూ, నిమ్మగడ్డీ కుండీలోనే పెరుగుతాయి.