డ్రాగ్ పందెము, ఇంధనపు పిచికారీ – నిబంధనలపై ఒక విమర్శ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో తిరునాళ్లకు జరుగు బండలాగుడు పోటీలను చూచినవారికి నిబంధన యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎడ్లను పండ్లనుబట్టి తరగతులుగా విభజింతురు. రెండుపండ్ల జతకు ఆరుపండ్ల జతతో పోటీ పెట్టరు. బండ బరువు, గడువు ముందే నిర్ణయింపబడి యుండును. ఆ గడువులో ఎక్కువ దూరము లాగిన జతకు బహుమతి. నిబంధనలన్నియు కంటితో చూచి, కొలిచి తేల్చదగినవి. మిగిలినదంతయు మేపులోను, తరిఫీదులోను, తోలువాని నేర్పులోను ఉన్నది.

మోటారు బండ్ల డ్రాగ్ పందెము దీనికి తలక్రిందులు. ఇచట దూరము నిర్ణయము, కొలుచునది కాలము. నిలిచియున్న బండి తిన్నని బాటపై పావుమైలు, అనగా 402 మీటర్లు, ఎన్ని సెకనులలో దాటునో చూతురు. ఈ పందెములను అమెరికాలో 1951లో స్థాపితమైన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ నడుపుచున్నది. మన దేశమున జాతీయ మోటారు సైకిలు డ్రాగ్ పోటీలు చెన్నై సమీపమున ఇరుంగట్టుకోట్టై ట్రాకుపై జరిగినవి. అచట బండ్లకు పండ్లకు బదులు సిలిండరు ఘనపరిమాణము లెక్క.

ఆ అమెరికా సంస్థ 2016లో ‘ప్రో స్టాక్’ తరగతికి చేసిన నిబంధనను ఇచట పరిశీలింతము. ఈ తరగతి 1970 నుండి ఉన్నది. ఇంజను పరిమాణము 500 ఘనపుటంగుళములు, అనగా 8.2 లీటర్లు. 2015 వరకు ప్రతి బండిపై రెండు పెద్ద కార్బ్యురేటర్లు ఉండెడివి. 2016 నుండి వానిని తీసివేసి ఎలెక్ట్రానిక్ ఇంధన పిచికారీ పెట్టుకొనవలెననిరి. అందరును ఒకే సంస్థ చేసిన వ్యవస్థను వాడవలెను. ఇంజను నిమిషమునకు 10,500 చుట్లు మించరాదు. మరమ్మతుచోట బండిని ఇంజను ప్రేక్షకులకు కనబడునట్లు వెనుకకు నడిపి నిలుపవలెనని కూడ ఒక నియమము పెట్టిరి. ఉపాధ్యాయునిగా నాకు మిక్కిలి నచ్చినది ఈ చివరిదే!

ఈ మార్పువలన ట్యూనింగు విద్య నశించెననియు, ఇక కంప్యూటరే సర్వము చూచుకొనుననియు కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. చుట్ల పరిమితి ఏమి చేయునో లెక్క వేసి చూడుడు. నాలుగు స్ట్రోకుల యంత్రము రెండు చుట్లకొకసారి గాలి పీల్చును. 10,500 చుట్లవద్ద 8.2 లీటర్ల యంత్రము నిమిషమునకు 5,250 మార్లు నిండును. సెకనుకు సుమారు 700 లీటర్ల గాలి. లీటరు గాలి బరువు 1.2 గ్రాములనుకొన్నచో సెకనుకు 850 గ్రాముల చిల్లర. పదమూడు పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున సెకనుకు సుమారు 65 గ్రాముల పెట్రోలు దహించును. శక్తికి హద్దు గీయునది పెట్రోలు కాదు, గాలి. పెట్రోలు ఎంతయైనను పోయవచ్చును. దానిని దహింపజేయు ఆమ్లజని సిలిండరులో పట్టినంతయే. కనుక పరిమాణమును, చుట్లను బిగించిన నిబంధన భౌతికశాస్త్రమునకు సరిపోవు చోటనే బిగించినది. ఎడ్ల పండ్లవలె ఇవి కొలిచి తేల్చదగినవి కూడ.

మిగిలిన స్వేచ్ఛ ట్యూనరుది. కార్బ్యురేటరు ఎనిమిది సిలిండర్లకును కలిపి పంచిపెట్టెడిది. ఒకదానికి ఎక్కువ, వేరొకదానికి తక్కువ అందినను చేయగలిగినది స్వల్పము. ఇంజెక్టరుతో ఏ సిలిండరుకు ఎంత కావలెనో అంతే ఈయవచ్చును. ఇత్తడి జెట్లు మార్చు చేయి ఇపుడు అంకెల పట్టికను దిద్దుచున్నది. విద్య నశింపలేదు, చోటు మారినది.

ఆ పట్టికనే మన మెకానిక్కులు ‘మ్యాపు’ అందురు. ఒకవైపు చుట్లు, వేరొకవైపు థ్రాటిలు తెరిచిన పాలు లేదా గాలి పీడనము. ప్రతి గడిలోను ఇంజెక్టరు ఎంతసేపు తెరచియుండవలెనో సూచించు అంకె. నంద్యాల వీధులలో తిరుగు 150 ఘన సెంటీమీటర్ల బండినే తీసికొందము. 8,000 చుట్లవద్ద సెకనుకు 67 మార్లు గాలి పీల్చును. ఒక్కొక్క మారు పీల్చు గాలి 0.16 గ్రాము. దానికి సరిపోవు పెట్రోలు 11 మిల్లీగ్రాములు, నాలుగైదు ఆవగింజల ఎత్తు! ఒక మారునకును మరుమారునకును మధ్య ఎడము సెకనులో వేయింట పదునైదు వంతులు. ఇంతలో కొలత తప్పరాదు.

గాలి సాంద్రత స్థిరము కాదు. నంద్యాలలో డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలున్న గాలి, మే మధ్యాహ్నము 43 డిగ్రీలగును. పరమ ఉష్ణోగ్రతలలో 291, 316. అనగా అదే సిలిండరులో ఎనిమిది శాతము తక్కువ గాలి. గాలి వేడిని కొలుచు సెన్సరు దీనిని సరిదిద్దును. చలికాలమున మ్యాపు దిద్ది, ఆ సెన్సరును మోసపుచ్చు చిన్న పెట్టెను తగిలించుకొన్నవాని బండి వేసవిలో నల్లపొగ వదలుటలో ఆశ్చర్యమేమున్నది?

“పెట్రోలు ఎక్కువ, శక్తి ఎక్కువ” అను మాట కళాశాల ఆవరణలలో తరచు వినబడును. ఇది సగము నిజము, కనుక మరింత ప్రమాదకరము. పూర్తి దహనమునకు ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావలెను. గరిష్ఠ శక్తి 12.5–13 పాళ్లవద్ద లభించును. ఉన్న ఆమ్లజని అంతయు వినియోగపడుటకు కొంచెము అదనపు పెట్రోలు తోడ్పడును. ఆ గీటు దాటినచో శక్తి తగ్గును, మండని ఇంధనము సైలెన్సరులోని ఉత్ప్రేరకమును కాల్చి పాడుచేయును. గాలి మితిమీరినచో వేడి పెరిగి, అకాల దహనముచే పిస్టన్ దెబ్బతినవచ్చును. ఇంధనము కూడ మారినది. 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియు స్థితి వచ్చినది. ఇథనాలుకు తొమ్మిది పాళ్ల గాలియే చాలును. మిశ్రమమునకు సుమారు పదమూడున్నర. పాత అంకెతో దిద్దిన మ్యాపు క్రొత్త ఇంధనమునకు చాలదు.

ఇక నిబంధనలోని లోపము. ఒకే సంస్థ వ్యవస్థను అందరికిని విధించుట తనిఖీకి సులువే గాని, సెన్సరులలోను లెక్కకట్టు పద్ధతిలోను క్రొత్తదారులు వెదకు అవకాశము మూసివేసినది. బండ్లన్నియు ఒకే చుట్లవద్ద, ఒకే ధ్వనితో, నూరవవంతుల తేడాలో దాటసాగినవి. 2019లో ఈ తరగతిని 24 పోటీలలో 18టికి కుదించిరి. దీనికి ఖర్చు మొదలగు ఇతర కారణములు లేకపోలేదు. అయినను గాలికి హద్దు గీచిన తరువాత పెట్టె ఎవరిదైననేమి? పందెము ముగిసిన పిమ్మట పట్టికను తెరచి చూపవలెనను నియమము చాలియుండెడిదని నా అభిప్రాయము.

మన తరగతిగదిలో అంతర్దహన యంత్రమనగానే నేటికిని కార్బ్యురేటరు బొమ్మ వేయుట అలవాటు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణములు వచ్చిన తరువాత క్రొత్త మోటారు సైకిళ్లలో అది దాదాపు కనుమరుగైనది. పాఠములో లేనిదానిని పిల్లలు విన్నమాటలతో పూరించుకొందురు. ఉపాధ్యాయులు పై లెక్కలను నల్లబల్లపై వేయించవచ్చును. మరొకటి కూడ: 402 మీటర్లను 15 సెకనులలో దాటిన బండి సమత్వరణముతో పోయినచో చివర వేగము గంటకు 193 కిలోమీటర్లు కావలెను. నిజమునకు అట్టి బండి 140 ప్రాంతముననే దాటును. త్వరణము మొదట ఎక్కువ, పోనుపోను తక్కువ. అందుచేతనే ట్యూనర్లు మొదటి 60 అడుగుల కాలమును అంత శ్రద్ధగా చూతురు.

ఆ 140 వేగముతో పోవు బండి ఆగుటకు ఎంత బాట కావలెను? సెకనుకు 39 మీటర్లు. సవారి బ్రేకు పట్టుకొనుటకు ఒక సెకను పట్టినచో 39 మీటర్లు అందులోనే గడచును. తరువాత గట్టి బ్రేకుపై నూరు మీటర్ల పైచిలుకు. అమెరికాలో 2008లో స్కాట్ కలిట్టా బాట చివర మరణించిన తరువాత, అదే సంస్థ అతివేగపు తరగతులకు పందెపు దూరమును 1,320 అడుగులనుండి వేయి అడుగులకు తగ్గించినది. ఆగుటకు చోటు పెంచుటయే అందలి ఉద్దేశము. ఇట్టి బాట మన నంద్యాల–ఆళ్లగడ్డ జాతీయ రహదారి కాదు. మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము ప్రభుత్వపు వ్రాతపూర్వక అనుమతి లేక బహిరంగస్థలమున వేగపు పోటీ నేరము. 2019 సవరణతో మొదటిమారు మూడు నెలల జైలు గాని, అయిదువేల రూపాయల జరిమానా గాని విధింపవచ్చును. 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. రాత్రివేళ ఆ దారిలో లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ అడ్డమున్నచో, దాని వెనుకభాగము హెడ్‌లైటు వెలుగులో కనబడునది నూటయేబది మీటర్లకన్న తక్కువ దూరముననే.