బాలవ్యాకరణము: కళాశాలలోఁ దొలిపాఠము

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858వ సంవత్సరమున వెలువడినది. నాఁటినుండి నేఁటిదాఁకఁ దెలుఁగును బ్రధానవిషయముగాఁ గొని కళాశాలలో నడుగిడు విద్యార్థికి లక్షణశాస్త్రద్వారము పెక్కుచోట్ల నీగ్రంథమే. వ్యాఖ్యలకును గొఱఁత లేదు. వజ్ఝల చినసీతారామస్వామిశాస్త్రిగారి యుద్ద్యోతము, కల్లూరి వేంకటరామశాస్త్రిగారి గుప్తార్థప్రకాశిక, దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారి రమణీయము పండితు లెఱిఁగినవే. నేను విచారింపఁ దలఁచినది వేఱు. ఈగ్రంథము పండితునకు శాస్త్రమగునా యనునది నా ప్రశ్న కాదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున మొదటిసారి భాషాస్వరూపమును విచారింపఁ గూర్చున్నవానికి నిది తొలిపాఠముగా నొప్పునా, ఒప్పెనేని యెట్లు చెప్పవలె ననునదియే ప్రశ్న.

సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకముతో ముగియు పది పరిచ్ఛేదముల కూర్పును మొదట మెచ్చుకొనవలెను. పాణినీయమున నెనిమిది యధ్యాయములు, ఇంచుమించు నాలుగువేల సూత్రములు కలవు. అవి శాస్త్రలాఘవము ననుసరించి యమర్పఁబడినవి. ఒక్క రూపమును సాధింపవలెనన్నఁ బలుతావులు తిరుగవలెను. ఆ క్లేశమును దీర్చుటకే భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదిని బ్రక్రియాక్రమమునఁ గూర్చెను. వరదరాజు దానిని బాలురకై లఘుకౌముదిగాఁ గుదించెను. సూరి మొదటనే ప్రక్రియామార్గమును బట్టెను. ఇది యాతని యుపాధ్యాయదృష్టి. కాని లఘుకౌముదిని జెప్పు గురువు ప్రతిదినమును రూపసిద్ధిని జేయించును. మనమో, తెలుఁగు తరగతిలో సూత్రమును, ఉదాహరణమును అప్పగింపించుకొని రూపసిద్ధిని విడిచితిమి. ఆ లోపము గ్రంథమునది కాదు.

కొన్నియేండ్లక్రిందట నొక కళాశాలలో మొదటి సంవత్సరమువారికిఁ బ్రాచీనకావ్యభాగమును జెప్పుచుంటిని. ఒక బాలిక శబ్దరత్నాకరమును ముందిడుకొని వకారమున ‘వలికె’ యను మాటను వెదకుచుండెను. అది యచట నెట్లు దొరకును? ‘రాజు వలికె’ ననుచోట నది పలుకుధాతువని యామెకుఁ దోఁపలేదు. గసడదవాదేశసూత్రమును ముందటి వారమే యామె యక్షరము తప్పక యప్పగించినది. పరీక్షలో నా ప్రశ్నకుఁ బూర్ణాంకములు వేసినవాఁడను నేనే. మొదట నామెను గోపించితిని. ఇంటికి వచ్చి యాలోచింపఁగాఁ దప్పు బోధకునిదని తేలినది. సూత్రమును ముఖస్థము చేయించితినే కాని, యది చదువునపు డెందుల కక్కఱకు వచ్చునో చెప్పలేదు. మహాభాష్యకారుఁడు సూత్రముల జోలికిఁ బోకమున్నే పస్పశాహ్నికమున వ్యాకరణప్రయోజనములను జర్చించెను. అందు నసందేహ మొకటి. మన తరగతిలో నాచర్చకుఁ దావే లేదు.

ఆ సూత్రమునే తీసికొందము. ద్రుతప్రకృతికముమీఁదఁ బరుషములకు సరళములు వచ్చును: కచటతపలు గజడదబలగును. ప్రథమమీఁదనైనచోఁ గచటతపలు గసడదవలగును. విద్యార్థి వీనిని రెండు పట్టికలుగా నేర్చును. గడదలు రెంటను సమానము. చకారమునకు నొకచో జకారము, ఒకచో సకారము. పకారమునకు నొకచో బకారము, ఒకచో వకారము. ఈ భేద మేల? అడుగువాఁడు లేఁడు, చెప్పువాఁడును లేఁడు. ద్రుతము నకారము, అది నోటి మార్గమును మూసి పలుకఁబడు ననునాసికము. దానివెనుకఁ బరుషమునకు స్పర్శ చెడదు, నాదము మాత్రము చేరును. కావునఁ బకారము బకారమగును. ప్రథమాంతమునఁ జివర నచ్చు గలదు. అచ్చుల నడుమఁ బడిన హల్లు సడలును. పెదవులు పూర్తిగాఁ గలియక పకారము వకారముగా జాఱును, చకారము సకారమగును. ప్రాకృతమున దీపశబ్దము దీవ యగుటయు, మన దివ్వె యాదారినే వచ్చుటయు నెఱిఁగిన సంస్కృతవిద్యార్థి కిది క్రొత్త కాదు. ఈ రెండుమాటలు చెప్పినఁ బట్టికలతోఁ బనిలేదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కాలుసేతులు, కూరగాయలు విద్యార్థి యింటిలోఁ బలుకు మాటలే. కూరగాయ లమ్మునామె సూత్రము నెఱుఁగదు, ఆదేశమును దప్పదు.

ఇఁక గ్రంథమునందలి నిజమైన కొఱఁత యొకటి కలదు. సంస్కృతమున కేఁబది, ప్రాకృతమునకు నలువది, తెలుఁగునకు ముప్పదియాఱు వర్ణములను లెక్కతో సూరి యారంభించును. మొదటిదినమున దీనిని విన్నవాఁడు తెలుఁగు సంస్కృతమునుండి తీసివేయఁగా మిగిలినదని తలఁచును. 1816లోనే ఎల్లిస్ తెలుఁగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణము 1856లో, అనఁగా సూరిగ్రంథమునకు రెండేండ్లు ముందు, వెలువడెను. సూరి యాంధ్రశబ్దచింతామణి మార్గమునే విడువక నడిచెను. మఱియు నాఱవ శతాబ్దపు రేనాటిచోళుల శాసనభాషతో నాతని లక్షణమునకు సంబంధము లేదు, ఆతనిది కావ్యభాషాలక్షణము. ఇందువలన నీగ్రంథమును దొలగింపవలెనను వారితో నేను నేకీభవింపను. తొలగించినచోఁ బద్యమును విడఁదీయు నుపకరణమే పోవును. సంజ్ఞాపరిచ్ఛేదమును దరువాతికిఁ ద్రోసి, సంధితో నారంభించి, కాల్డ్వెల్ చెప్పినదానిని బ్రక్కనే చెప్పిన జాలును.

బహుళగ్రహణమును గూర్చి యొక్కమాట. సూరి ‘బహుళ’ మన్నచోటఁ బరీక్షకుఁ డొక్క రూపమునే కోరును. ఇది బహుళశబ్దమునకే విరుద్ధము. అట్టిచోట నుపాధ్యాయుఁడు రెండు ప్రయోగములను జూపి యూరకుండవలెను.

ఈక్రమమున నేను రెండేండ్లు పాఠము చెప్పితిని. ప్రశ్నపత్రమున సూత్రమును వ్రాయు మనుటకు మాఱుగా, చదువని పద్య మొకటి యిచ్చి పదవిభాగము చేయు మంటిని. మొదటి యేఁట నంకములు తగ్గినవి. ఇద్దఱు ముగ్గురు తండ్రులు వచ్చి కారణ మడిగిరి కూడ. పత్రములు చూపితిని. వారిలో నొకరు బడిపంతులు. ఆయన పద్యమును జదివి, తానును రెండుచోట్ల విడఁదీయలేకపోయి, కుమారుని పత్రమును మడిచి నాచేతికే యిచ్చి వెడలిరి.