వారసత్వ స్థలాల్లో వ్యాఖ్యాన శిక్షణ: కామారెడ్డి - ఎల్లారెడ్డి ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం:
దోమకొండ గడి, పోచారం అభయారణ్యం, నిజాంసాగర్ వంటి స్థలాలను సందర్శకులకు వివరించే సిబ్బందికి ఎటువంటి శిక్షణ అవసరమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పటం కథల నుంచి కథన పద్ధతిని, మల్లినాథసూరి నుంచి ఆధార నియమాన్ని స్వీకరించడం ఈ ప్రాంతానికి తగిన మార్గమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వారసత్వం, వ్యాఖ్యానం, పటం కథ, గడి, మల్లినాథసూరి.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. కట్టడం నిలిచింది. దాని గురించి ఎవరు, ఎవరికి, ఏం చెబుతారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. అమెరికా జాతీయ ఉద్యానవనాల అనుభవం ఆధారంగా ఫ్రీమన్ టిల్డెన్ 1957లో 'ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్' అనే గ్రంథం ప్రచురించాడు. సమాచారం ఒక్కటే వ్యాఖ్యానం కాదని, చూసే వస్తువుకూ చూసేవారి జీవితానికీ సంబంధం కలపాలని, వినేవారిలో ఆలోచన రేకెత్తించాలని ఆయన వాదించాడు. మార్గదర్శకుల శిక్షణకు ఈ గ్రంథం నేటికీ ప్రామాణికమే. అయితే ఆ సూత్రాలను తెలుగు నేలలో నాటడానికి ఇక్కడి సంప్రదాయంలోనే ఆధారాలున్నాయి.

2. పటం కథ - కథన పద్ధతి:
కాకిపడగలవారు ముదిరాజుల ముందు, కూనపులివారు పద్మశాలీల ముందు పటం విప్పి కథ చెబుతారు. కథకుడు ఒక్కొక్క బొమ్మను చూపుతూ కథను నడిపిస్తాడు. కంటికి కనిపించేదానితో మొదలై, వినేవారి కులానికీ వృత్తికీ చెందిన విషయానికి చేరుతాడు. టిల్డెన్ కోరిన సంబంధం ఇక్కడ సహజంగానే సిద్ధిస్తుంది.

ఈ పద్ధతి ప్రకృతి వివరణకూ వర్తిస్తుంది. ఎల్లారెడ్డికి సమీపంలోని పోచారం జలాశయం 1922లో పూర్తయింది. నిజాం వేటస్థలమైన పరిసర అడవి 1952లో అభయారణ్యమైంది. నేడది మెదక్, కామారెడ్డి జిల్లాల్లో విస్తరించి ఉంది. దుప్పి కనిపించినప్పుడు దాని బరువు, ఆయుర్దాయం చెబితే సందర్శకుడు విని మరచిపోతాడు. వేటాడిన చోటే కాపాడవలసిన అవసరం ఎందుకు వచ్చిందని అడిగితే ఆలోచనలో పడతాడు. 'నీల్‌గాయ్' అనడంతో సరిపెట్టక 'మనుబోతు' అన్న మాటను కూడా అందిస్తే, ఆ జంతువును ఎరిగిన పల్లెల భాష కూడా వారసత్వంలో భాగమవుతుంది.

3. పోషకుని మెప్పు - పరిమితి:
పటం కథకు ఒక పరిమితి ఉంది. అది పోషక కులం గొప్పతనాన్ని కీర్తించే కథ. కథకుని జీవనం ఆ మెప్పు మీదే ఆధారపడుతుంది. స్థల నిర్వాహకుల వద్ద జీతం తీసుకునే మార్గదర్శకునికీ ఈ ప్రమాదం తప్పదు. తెలంగాణ స్మృతిలో 'గడి' అనే మాట వెట్టిచాకిరితో పెనవేసుకుంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల అందుకు సాహిత్య సాక్ష్యం. గడి వాస్తును మాత్రమే వర్ణించి, ఆ స్మృతిని విస్మరించే వివరణ అసంపూర్ణం. అలాగే 1923-1931 మధ్య మంజీరపై నిర్మించిన నిజాంసాగర్ దగ్గర ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ ప్రతిభను చెప్పడం ఎంత అవసరమో, జలాశయం కోసం ఊళ్లు విడిచిన వారిని తలచుకోవడమూ అంతే అవసరం. ఆ గట్టు మీద నిలబడే సందర్శకుల్లో ఆయకట్టు రైతు బిడ్డలుండవచ్చు, ఊరు కోల్పోయిన వారి మనుమలూ ఉండవచ్చు.

4. మల్లినాథసూరి - ఆధార నియమం:
ఈ లోపానికి దిద్దుబాటు పొరుగు జిల్లాలోనే ఉంది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం అని ప్రసిద్ధి. మూలంలో లేనిది రాయకూడదు, అక్కర లేనిది చెప్పకూడదు అన్నవి ఆయన తనకు తాను విధించుకున్న రెండు నియమాలు. మొదటిది కల్పననూ పొగడ్తనూ అదుపు చేస్తుంది. రెండవది తేదీల జాబితా నుంచి శ్రోతను రక్షిస్తుంది. ఉదాహరణకు, కామారెడ్డి పేరును దోమకొండ పాలకుడు చినకామిరెడ్డితో ముడిపెట్టే కథనం ప్రచారంలో ఉంది. మార్గదర్శకుడు దాన్ని వదలనక్కర లేదు, స్థానిక కథనమని స్పష్టం చేసి చెబితే చాలు. కామినేని మల్లారెడ్డి 'షట్చక్రవర్తి చరిత్ర'ను ప్రస్తావించేటప్పుడు మాత్రం గ్రంథమే ఆధారంగా నిలుస్తుంది. ఈ రెండింటి తేడాను గుర్తించడం శిక్షణలో తొలి పాఠం కావాలి.

5. ముగింపు:
టిల్డెన్ చెప్పిన సంబంధాన్ని పటం కథ సాధించింది, దానికి కావలసిన నిగ్రహాన్ని మల్లినాథుడు బోధించాడు. ఈ రెండూ కలిసినప్పుడే మార్గదర్శకుడు వ్యాఖ్యాత అవుతాడు. ఇటువంటి శిక్షణలో కళాశాలల తెలుగు శాఖలకు స్పష్టమైన పాత్ర ఉంది. మౌఖిక కథనాలను సేకరించడం, వాటిని గ్రంథాధారాలతో పోల్చడం, శ్రోతకు తగినట్లు చెప్పడం ఆ శాఖలు ఇప్పటికే బోధిస్తున్న విద్యలే. ఆ విద్య తరగతి గది దాటి గడి వాకిలికీ, చెరువు కట్టకూ చేరవలసి ఉంది.