హానికి ముందే రాసిన చట్టం: పెమ్మరాజు శ్రీనివాసరావు పనితనం

మా ప్రాంతంలో, నల్లమాడ చుట్టుపక్కల, ఒకరి బోరు లోతుకు పోతే పక్క చేన్లో బోరు వట్టిపోవడం అందరికీ తెలిసిన సంగతే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ కురిసే వానతో శెనక్కాయ పండించుకునే పల్లెల్లో ఈ తగాదాకు చట్టం చెప్పే జవాబు చాలా పాతది. తన హద్దుల్లో నేల కింద, ఫలానా దారి అంటూ లేకుండా ఉన్న నీటిని తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం అంటుంది. నీరు, నేల, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం బావులు నమోదు చేయించాలంది. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు మోటారు బోరు వేయాలంటే అనుమతి తీసుకోమంది. మన పనివల్ల పక్కవాడు నష్టపోకుండా ముందే ఏం చేయాలి? ఈ ప్రశ్న అక్కడితో తీరదు. లాలో పీహెచ్‌డీ చేస్తామనే మా ప్రాంతం పిల్లలకు, ఇదే ప్రశ్నను దేశాల మధ్య పెట్టి తేల్చిన ఒక తెలుగువాడి రాతను చదవమంటాను.

పెమ్మరాజు శ్రీనివాసరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివి, అమెరికాలోని యేల్‌లో డాక్టరేట్ చేశారు. సముద్ర సంపదకు సంబంధించిన న్యాయం మీద ఆయన పుస్తకాన్ని 1975లో ఎంఐటీ ప్రెస్ ప్రచురించింది. విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా చేశారు, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో దాదాపు రెండు దశాబ్దాలు సభ్యుడిగా ఉన్నారు.

ఒక దేశంలో చట్టబద్ధంగానే నడిచే పని ఇంకో దేశానికి హాని చేస్తే ఎవరిది బాధ్యత? ఈ విషయం 1978 నుంచి కమిషన్ ముందు నలుగుతూనే ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన క్వెంటిన్-బాక్స్‌టర్, ఆ తర్వాత అర్జెంటీనాకు చెందిన బార్బోసా ఎంతో శ్రమించినా ముడి వీడలేదు. 1997లో కమిషన్ నివారణను, పరిహారాన్ని వేరు చేసి, ముందు నివారణ సంగతి చూడమని ప్రత్యేక నివేదకుడిగా శ్రీనివాసరావుకు అప్పగించింది. మరుసటి ఏడాదికే 17 అధికరణాల తొలి ముసాయిదా, 2001లో 19 అధికరణాల తుది పాఠం తయారయ్యాయి. పరిహారం మీద 2006లో 8 సూత్రాలు వచ్చాయి. సిద్ధాంత గ్రంథం రాసేవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే: ప్రశ్నను ఇలా విడదీసుకోకుండానే జవాబుకు దిగుతారు.

నివారణ మీది ఆ 19 అధికరణాల పాఠం కమిషన్‌లో అందరి చేతులూ పడ్డ రాతే. అయినా ప్రత్యేక నివేదకుడి పనితనం తెలుస్తూనే ఉంటుంది. 2వ అధికరణం చూడండి. హాని జరిగే అవకాశం ఎక్కువగా ఉండి హాని గణనీయమైనదైతే అదీ ప్రమాదమే, అవకాశం తక్కువే అయినా జరిగితే సర్వనాశనమైతే అదీ ప్రమాదమే. రోజూ పొగ వదిలే ఫ్యాక్టరీ, ఎప్పుడో ఒకసారి పేలే రియాక్టర్, రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. హాని కొలతలోనూ అంతే జాగ్రత్త: ఊరికే పసిగట్టగలిగినంత ఉంటే చాలదు, తీవ్రమైనది అనేంత ఉండనక్కర్లేదు. ఈ రెండు హద్దుల మధ్య న్యాయమూర్తికి నిలబడే చోటు దొరుకుతుంది.

8వ అధికరణం ఇంకా నేల మీద నడుస్తుంది. ప్రమాదం ఉందని తేలితే పక్క దేశానికి కబురు చేయాలి, వివరాలు ఇవ్వాలి, జవాబు వచ్చేదాకా అనుమతి ఇవ్వకుండా ఆగాలి. ఆ ఆగడానికి ఆరు నెలల గడువు. గడువు లేకపోతే పక్కవాడు మౌనంగా ఉండిపోయి ఏ పనినైనా ఆపేయగలడు. నాకు ఇది చాలా నచ్చిన కూర్పు.

నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం 10వ అధికరణం దగ్గర. రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఏమేం తూచాలో అక్కడ ఆరు అంశాలుగా ఉంది. ప్రమాదం ఎంత, పని వల్ల లాభం ఎంత, ఆ పనిని వేరే చోటో వేరే పద్ధతిలోనో చేయవచ్చా అన్నవి ఎవరైనా ఊహిస్తారు. నివారణ ఖర్చులో తన వంతు మోయడానికి హాని భయం ఉన్న దేశం సిద్ధమా అని కూడా చూడమంటుంది. ఆ దేశం తన గడ్డ మీద అలాంటి పనికే ఏ ప్రమాణాలు పాటిస్తోందో అడగమంటుంది. దీన్ని నల్లమాడకు తెచ్చి చూస్తే, కొత్తగా బోరు వేసేవాడితో పాటు మొర పెట్టుకున్న రైతు బోరు ఎన్ని అడుగులు ఉందో, ఇంకుడు గుంటకు అతను ఎంత ఇస్తాడో కూడా పరిశోధకుడు రాసుకోవాల్సి వస్తుంది.