అమెజానుల చిత్రకథ : వర్ణనయు వస్తువును

2021 నవంబరు మొదలుకొని మూడు భాగములుగా అమెరికాలో డి.సి. ప్రచురణసంస్థవారు వెలువరించిన 'వండర్ వుమన్ హిస్టోరియా : ది అమెజాన్స్' అను చిత్రకథ చదువరులలో విపులమైన చర్చకు తావిచ్చినది. రచన కెల్లీ స్యూ డికానిక్ అను రచయిత్రిది. చిత్రకారులు మాత్రము భాగమునకొకరు : మొదటిదానికి ఫిల్ హిమెనెజ్, రెండవదానికి జీన్ హా, మూడవదానికి నికోలా స్కాట్. మొదటి భాగమునకును, దాని చిత్రకారునకును 2022లో ఐస్నర్ పురస్కారములు లభించినవి. పురస్కారము గుణనిర్ణయమునకు ప్రమాణము కాదు. అయినను ఈ గ్రంథమును మెచ్చినవారును మెచ్చనివారును ఒకే లక్షణమును ముందు పేర్కొనుచుండుట గమనింపదగినది. అది చిత్రముల సమృద్ధి. సామాన్య సంపుటములకంటె పెద్ద ఆకారముగల పుటలు, రెండేసి పుటలను ఆక్రమించు దృశ్యములు, ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క విధమగు వస్త్రాభరణములు, చూచినకొలది క్రొత్తగా కన్పట్టు సూక్ష్మాంశములు ఇందు గలవు. ఇది కన్నులపండువ యని ఒక పక్షము. బొమ్మలు కథను మ్రింగివేసినవని వేరొక పక్షము.

ప్రబంధములను చదివినవారికి ఈ వివాదము చిరపరిచితమే. అష్టాదశ వర్ణనలు కథాగమనమును అడ్డగించునా, పోషించునా యను ప్రశ్న కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' (1914) నాటినుండి మన విమర్శలో సద్దుమణగలేదు. ఆ చర్చ మనకు నేర్పిన దొకటి కలదు. వర్ణన ఎంత యున్నదని కాక, ఎచ్చట నున్నది, ఎవరిని గూర్చి యున్నది యని యడుగవలెను. ఆ ప్రశ్న నిచట వేసినచో చిత్రకథను గూర్చిన అభిప్రాయము కొంత మారుననుకొందును.

కథారంభమున దేవతాస్త్రీలు జ్యూస్ ఎదుట నిలిచి, లోకమున పురుషులచే స్త్రీలు పొందుచున్న హింసకు ప్రతీకారము కోరుదురు. కోరిక నిరాకృతమగును. హీరా వెనుకంజ వేయగా, ఆర్టెమిస్, అథీనా, ఆఫ్రొడైటీ, డిమీటర్, హెస్టియా, హెకటీ అను ఆరుగురును రహస్యముగా, హింసకు గురియై మరణించిన స్త్రీల ఆత్మలనుండి ముప్పదిమంది అమెజానులను సృజింతురు. హిమెనెజ్ గారి అలంకారబాహుళ్యమంతయు ప్రధానముగ ఈ దివ్యలోకముపైనను, ఈ సృష్టిపైనను కేంద్రీకృతమైనది. అటుపిమ్మట మంత్రసానికి సహాయురాలైన హిప్పాలిటా యను మానవకన్య ప్రవేశించును. ఒక యింట పుట్టిన ఆడుశిశువును తీసికొనిపోయి విడిచివేయుమని ఆమెకు ఆజ్ఞ. ఆమె విడిచివచ్చును, తోడనే పశ్చాత్తాపముతో వెదుకబోవును. ఇచట ఆభరణములు లేవు, కాంతిమండలములు లేవు. దేవతలకు వైభవము, మానవికి మట్టి. ఈ భేదమును చూపుటకే మొదటి సమృద్ధి ఆవశ్యకమైనది. కావున మొదటి భాగమున వర్ణన కథకు అంగమేకాని అడ్డంకి కాదు. సభాదృశ్యమున చూపు నిలువక అలసిపోవుచున్నదను వారి మాట అసత్యము కాదు. కాని ఆ అలసట జ్యూస్ సభయొక్క స్వభావములోనే యున్నది.

శిశుపరిత్యాగము కల్పనమాత్రము కాదు. అక్కరలేని శిశువులను బయట విడుచుట ప్రాచీన గ్రీకుసమాజమున నుండిన ఆచారము. రచయిత్రి పురాణకథకు పునాదిగ చారిత్రకమైన ఈ క్రౌర్యమును గ్రహించినది. ఈ గ్రంథమునకు ప్రాణమిదియే యని నా తలంపు. దీని విలువ తెలియవలెనన్న పూర్వకథలతో పోల్చవలెను.

గ్రీకుల వాఙ్మయమున అమెజానులు తమ కథకు తాము కర్తలు కారు. ఇలియడ్ వారికి 'ఆంటియానెయిరై' అను విశేషణము నొసగినది. 'పురుషులకు సమానలు' అనియు, 'పురుషుల కెదురు నిలుచువారు' అనియు దానిని రెండు విధముల గ్రహింపవచ్చును. ఆ కావ్యముననే బెల్లరోఫన్ వారిని వధించెను. ట్రాయ్ సహాయమునకు వచ్చిన పెంథెసిలియా ఎకిలీస్ చేత మరణించినది. బ్రిటిష్ మ్యూజియమునందలి ఎక్సీకియస్ చిత్రించిన కలశముపై ఆ మరణక్షణమే నిలిచియున్నది. పార్థినాన్ పడమటి ఫలకములపైనను యుద్ధమే. అమెజాను గ్రీకు వీరునకు విజయమును సమకూర్చుటకై పుట్టిన పాత్ర. హెరడోటస్ ఒక్కడు మాత్రము సిథియన్ యువకులతో వారి కలయికను వర్ణించి, వారికి జీవితమును, వంశమును కల్పించెను. వారు ఒక స్తనమును ఛేదించుకొందురను ప్రసిద్ధి పదవ్యుత్పత్తినుండి పుట్టిన కల్పన; గ్రీకు శిల్పులే దానిని పాటింపలేదు.

విలియం మౌల్టన్ మార్స్టన్ 1941లో వండర్ వుమన్ ను సృజించినప్పుడు ఓటమి పొందిన ఈ జాతికి ఒక ద్వీపమును, హిప్పాలిటా చేతుల రూపొందిన మట్టిబొమ్మనుండి జనించిన కుమార్తెను ఒసగెను. 1987లో జార్జ్ పెరెజ్ అమెజానులు పురుషులచే హతులైన స్త్రీల పునర్జన్మలని చెప్పెను. అందు హిప్పాలిటా గర్భవతియై చంపబడిన స్త్రీ, మట్టిబిడ్డలో చేరినది ఆ గర్భస్థశిశువు ఆత్మయే. 2011లో ఆరంభమైన అజ్జరెల్లో, చియాంగ్ గార్ల కథలో డయానా జ్యూస్ కూతురైనది, అమెజానులు నావికులను వంచించి చంపువారైరి. అభిమానులలో ఈ మార్పు రేపిన వ్యథ 'హిస్టోరియా'ను గూర్చిన చర్చలో నేటికిని వినబడుచున్నది. పలువురు దీనిని పెరెజ్ మార్గమునకు పునరాగమనముగా స్వాగతించిరి.

ఆ స్వాగతము సగమే సరియైనది. ఆత్మలనుండి సృష్టి పెరెజ్ నుండి వచ్చినదే. కాని హిప్పాలిటా విషయమున డికానిక్ మార్గము వేరు. పెరెజ్ హిప్పాలిటా అన్యాయమునకు గురియైనది. ఈమె అన్యాయమున పాలుపంచుకొన్నది. ఆ ముప్పదిమందివలె ఆమె దేవతలచే నిర్మింపబడినది కాదు. అపరాధమును మోయుచు, నడచి వారిని చేరిన మానవి. స్త్రీజాతి పవిత్రము, పురుషజాతి దుష్టము అను సులభవిభజన ఈ ఒక్క పాత్రవలన భగ్నమగుచున్నది. మట్టిబిడ్డ కథ నెరిగిన చదువరికి, ఆమె చేతులనుండి జారిన శిశువును చూడగానే ఆ మట్టి దేనికి ప్రాయశ్చిత్తమో స్ఫురింపక మానదు. గ్రంథము పురుషద్వేషపూరితమను ఆక్షేపణ చేయువారు ఈ ఘట్టమును చదివియు చదువనివారే.

లోపములు లేకపోలేదు. ముప్పదిమంది అమెజానులకు వేషములు ముప్పది కలవు. స్వభావములు అన్ని లేవు. పేరు చెప్పి, ఆయుధము చూపి, కొందరిని మరల పలుకరింపకయే రచయిత్రి సాగిపోయినది. ఇచట మాత్రము బొమ్మలు కథను మ్రింగినవనుట న్యాయమే. చిత్రకారులు మారుటచేత ఏకరూపత చెడినదను వాదమును నేను అంగీకరింపను. దివ్యసభకు హిమెనెజ్ గారి సాంద్రరేఖ తగినట్లే, హిప్పాలిటాను అమెజానులు చేర్చుకొను రెండవ భాగమునకు ముఖభావములయందు శ్రద్ధగల హా గారి మృదురేఖయు తగినది. యుద్ధమయమైన మూడవ భాగమున స్కాట్ గారి రేఖ స్పష్టము. ఎవరు ఎచట పడిరో, ఎవరు ఎచట నిలిచిరో కన్ను తడబడక గుర్తించును.

మనకును ఒక స్త్రీరాజ్యము కలదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమున యాగాశ్వము వెంట వచ్చిన అర్జునుని ప్రమీల ఎదిరించును. ఆ వైరము వివాహముతో ముగియును. 1965లో ప్రమీలార్జునీయమను పేర చలనచిత్రముగ వెలువడినప్పుడును పేరులోనే ఆ ముగింపు ఇమిడియున్నది. గ్రీకుకథలో మరణము, మన కథలో పరిణయము. రెంటను స్త్రీరాజ్యము వచ్చిన వీరుని కొరకే నిలిచియున్నది. డికానిక్ కథలో మాత్రము హిప్పాలిటా వెదుకునది వీరుని కాదు, తాను విడిచిన బిడ్డను.